నాలుగు నెలలు దాచిన దురద

అవి 2003 నాటి రోజులు. నేను విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం. రెసిడెన్షియల్ కాలేజీ. గదికి పదిమందిమి, గదికి అడ్డంగా రెండు ప్లాస్టిక్ తాళ్లు, ఆ తాళ్ల మీద ఎప్పటికీ ఆరని బట్టలు. ఆ రోజుల్లోనే రాష్ట్రమంతా హోర్డింగుల మీద, బస్సుల వెనకాల ఒక ప్రశ్న వెలిసింది: పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? పులిరాజా ఎవరో మొదట్లో ఎవరికీ తెలియదు. ఎయిడ్స్ నియంత్రణ ప్రచారమని తర్వాత తెలిసింది. అప్పటికే మా హాస్టల్లో అది ఆటపట్టించే మాట అయిపోయింది. జ్వరమొచ్చి పడుకున్నవాణ్ణీ, ఆదివారం సినిమాకి వెళ్లొచ్చినవాణ్ణీ అందరూ అదే అడిగేవాళ్లు.

నేను మాత్రం నవ్వలేకపోయేవాణ్ణి. నాకు గజ్జల్లో దురద మొదలైంది. మొదట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అంచు కాస్త ఉబ్బి, పొట్టు లేచి ఉండేది. వారం తిరిగేసరికి అరచేయంత అయింది. నేను ఎవరినీ తాకి ఎరగను. అయినా పులిరాజా నేనే అనుకున్నాను. సెలూన్‌లో గడ్డం గీయించుకున్నది గుర్తొచ్చింది, సినిమా హాల్లో చిరిగిన సీటు గుర్తొచ్చింది, పక్కవాడి తువ్వాలు వాడుకున్నది గుర్తొచ్చింది. రాత్రుళ్లు దుప్పటి ముసుగులో లెక్కలు వేసుకునేవాణ్ణి, ఇంకా ఎన్నేళ్లు బతుకుతానా అని.

మెడికల్ షాపులో పెద్దవాళ్లెవరూ లేని సమయం చూసి "దురదకి క్రీము" అని అడిగాను. అతను ఎక్కడ దురద అని అడగలేదు, నేను చెప్పలేదు. ట్యూబు ఇచ్చాడు. మూడు రోజుల్లో దురద మాయమైంది. పదిహేను రోజులకి రెట్టింపై తిరిగొచ్చింది. అలా మూడు ట్యూబులు, నాలుగు నెలలు. అన్నం సయించేది కాదు. పరీక్షల భయం అనుకుని మా అమ్మ ఫోన్లో ధైర్యం చెప్పేది.

సంక్రాంతి సెలవుల్లో మా మేనమామ కనిపెట్టాడు. కాలవ గట్టు మీద నడుస్తూ "ఏరా, ఏమైందిరా?" అని అడిగాడు. ఆయన ముందు నడుస్తున్నాడు, నా మొహం చూడటం లేదు. అందుకే చెప్పగలిగాను అనుకుంటాను. "మామయ్యా, నాకు కింద ఏదో అయింది" అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే గుంటూరు బస్సెక్కించాడు.

చర్మవ్యాధుల డాక్టరు ఒకావిడ. రెండు నిమిషాలు చూసి, "తామర. తడి బట్టలు వేసుకుంటావా?" అన్నారు. నేను కొన్న క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉందట. స్టెరాయిడ్ దురదని అణచిపెడుతుంది, తామర తెచ్చే బూజుని మాత్రం చంపదు, పైగా చర్మానికి ఉండే రక్షణని తగ్గించి బూజుని ఇంకా పాకనిస్తుంది. కొన్ని వారాల పాటు మాత్రలు, పూత మందు ఇచ్చారు. లోదుస్తులు రోజూ ఉతికి ఎండలో ఆరేయమన్నారు, తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దన్నారు. తగ్గిపోయింది.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. నాకు వచ్చింది ప్రాణం తీసే జబ్బు కాదు కాబట్టి నాలుగు నెలల ఆలస్యం నన్నేమీ చేయలేదు. అదే సిగ్గు, అదే మౌనం, అదే మెడికల్ షాపు ట్యూబు, కానీ లోపల ఉన్నది నిజంగానే ఒక లైంగిక వ్యాధి అయితే నాలుగు నెలలు చాలా ఎక్కువ. ఈ వ్యాధుల్లో చాలావాటికి మందుంది, కొన్నిటికి టీకా ఉంది, మందులేనివాటిని కూడా అదుపులో పెట్టవచ్చు. జబ్బుకీ డాక్టరుకీ మధ్య మనం పోగొట్టుకునే రోజులే మనల్ని దెబ్బతీస్తాయి. ఈ అధ్యాయం ఆ రోజుల్ని తగ్గించడం కోసం.

ముందుగా, నన్ను నాలుగు నెలలు నిద్రపోనివ్వని ప్రశ్నకి జవాబు. ఎయిడ్స్‌కి కారణమయ్యే వైరస్ హెచ్.ఐ.వి. అది రక్తంలో, వీర్యంలో, యోని స్రావాల్లో, తల్లిపాలలో ఉంటుంది. రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరికి వాడిన సూదిని ఇంకొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం, గర్భంలోనో కాన్పు సమయంలోనో పాల ద్వారానో తల్లి నుంచి బిడ్డకి చేరడం, ఇవీ దాని దారులు. దోమకాటు ఆ దారుల్లో లేదు. కలిసి తినడం, కౌగిలించుకోవడం, ఒకే బాత్‌రూమ్ వాడటం, చెమట, దగ్గు, సినిమా హాలు సీటు, ఇవేవీ లేవు. సెలూన్‌లో కొత్త బ్లేడు అడగడం మాత్రం మంచి అలవాటే, ఎందుకంటే హెపటైటిస్ బి వైరస్ చాలా మొండిది, ఎండిన రక్తపు మరకలో కూడా కొన్ని రోజులు బతుకుతుంది. జాతరలో పచ్చబొట్టు పొడిపించుకోవాలని మనసైతే, మీ కళ్ల ముందు కొత్త సూది ప్యాకెట్ చింపి, కొత్త సిరా పోస్తేనే చెయ్యి చాపండి. అలా చేయకపోతే లేచి వచ్చేయండి.

పులిరాజా హోర్డింగుతో నాకు ఇప్పటికీ ఒక పేచీ ఉంది. అది రాష్ట్రాన్ని మాట్లాడించింది, అది పెద్ద మేలే. కానీ ప్రశ్న మనిషి గురించి వేసింది. ఫలానావాడికి వస్తుందా అని. దాంతో మనందరికీ ఒక అలవాటు పడింది, ఇది "అలాంటివాళ్లకి" వచ్చే జబ్బు అని. వైరస్‌కి మంచివాడూ చెడ్డవాడూ తెలియదు, కులం తెలియదు, మార్కులు తెలియవు. దానికి దారి తెలుసు, అంతే. ఈ జబ్బు మన గడపకి దూరమైనదేమీ కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో హెచ్.ఐ.వి. దేశం మొత్తం మీద 0.21 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2003లో నేను భయపడిన భయానికి అప్పట్లో కొంత ఆధారం ఉంది, మందులు మామూలు ఇంటివాళ్లు కొనగలిగేవి కావు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్.ఐ.వి.ని అదుపులో పెట్టే ఏ.ఆర్.టి. మందుల్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ హెచ్.ఐ.వి. ఉన్న మనిషి రోజూ మాత్ర వేసుకుంటే పూర్తి ఆయుష్షు బతకగలడు. మందుల వల్ల రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గి, అలాగే నిలకడగా ఉంటే, లైంగిక సంబంధం ద్వారా అది ఇంకొకరికి సోకదు. మీ తరగతిలో పుట్టుకతో హెచ్.ఐ.వి. వచ్చిన అమ్మాయో అబ్బాయో ఉండవచ్చు. వాళ్ల పక్కన కూర్చుని, ఒకే డబ్బాలో తినండి.

హెచ్.ఐ.వి. పేరు ఇంత మోగింది కాబట్టి మిగతా లైంగిక వ్యాధుల పేర్లు వినపడలేదు. నిజానికి మీ వయసువాళ్లు ఎక్కువ తెలుసుకోవాల్సింది ఆ మిగతావాటి గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, పూర్తిగా నయమయ్యే నాలుగు లైంగిక వ్యాధులు, అంటే క్లామిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్, ఇవే 2020లో ప్రపంచంలో 37 కోట్ల కొత్త కేసులకి పైగా కలిగించాయి. రోజుకి పది లక్షలకి పైమాటే.

వీటి అసలు గుణం నిశ్శబ్దం. జబ్బంటే నొప్పి ఉంటుందని, జ్వరం వస్తుందని మనం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం. క్లామిడియా సోకిన అమ్మాయిల్లో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనపడదు, అబ్బాయిల్లోనూ చాలామందికి అంతే. లోపల మాత్రం అది పైకి పాకి గర్భనాళాల్ని వాచేలా చేస్తుంది, ఆ వాపు మానినా నాళం మూసుకుపోవచ్చు. ఏళ్ల తర్వాత, పెళ్లయ్యాక, పిల్లలు పుట్టకపోతే ఆ పిల్లని అత్తవారింట్లో ఏమంటారో మీకు తెలుసు. కొన్ని రోజుల మాత్రలతో పోయే జబ్బు వల్ల ఒక ఆడపిల్ల జీవితమంతా ఆ మాట పడుతుంది. నాకు ఇందులో అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

పెద్దవాళ్లు సెగ అనే గనేరియా కాస్త బయటపడుతుంది. మగవాళ్లకి మూత్రానికి వెళ్తే మంట, చీములాంటి స్రావం. అమ్మాయిల్లో ఇదీ చాలాసార్లు మౌనంగానే ఉంటుంది. ఒకప్పుడు సులభంగా మందుకి లొంగే ఈ క్రిమి, తోచిన యాంటీబయాటిక్ సగం సగం వాడటం వల్ల చాలా మందులకి లొంగకుండా తయారైంది. షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగేస్తే ఇప్పుడు అది పోదు, ఇంకా ముదురుతుంది.

అన్నిట్లోకీ మాయలమారి సిఫిలిస్. సవాయి అంటారు. సోకిన రెండు మూడు వారాలకి జననాంగం మీదో, నోటిలోనో ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. ఏ మందూ వాడకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. వేసుకున్న ఆకుపసరో, దేవుడికి కట్టిన ముడుపో పనిచేసింది అనుకుంటాడు. క్రిమి పోలేదు, రక్తంలోకి వెళ్లింది. కొన్నాళ్లకి ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దద్దురు. అదీ మానిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు. చివరికి గుండె దగ్గరి రక్తనాళాన్నో, మెదడునో, కళ్లనో పట్టుకుంటుంది. గర్భిణికి ఉంటే కడుపులో బిడ్డకి సోకుతుంది. మొదటి పుండు దశలో పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ చాలు. అందుకని ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోండి: ఆ భాగంలో వచ్చిన పుండు నొప్పి లేకపోయినా, తగ్గిపోయినా డాక్టరుకి చూపించాలి.

హెర్పిస్ వేరే రకం. చిన్న చిన్న నీటి పొక్కులు, మంట, పగిలి పుండ్లవుతాయి, తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. వైరస్ పూర్తిగా పోదు గానీ మందులతో మంటా తగ్గుతుంది, వచ్చే దఫాలూ తగ్గుతాయి.

నడుము కింద వచ్చే ప్రతిదీ లైంగిక వ్యాధి కాదు. నా తామర కాదు కదా. అమ్మాయిలకి నెలసరి మధ్యలో నీళ్లలా, వాసన లేకుండా కనిపించే తెల్లబట్ట ఆరోగ్యమే, దాని వల్ల నీరసం రాదు, ఎముకలు కరగవు. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెట్టినా, చేప వాసన వచ్చినా, పసుపుపచ్చగా మారినా, పొత్తికడుపులో నొప్పి ఉన్నా చూపించుకోవాలి. అబ్బాయిలకి నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు. బస్టాండు గోడల మీద, మూత్రశాలల్లో గుప్తరోగాలకి గ్యారంటీ చికిత్స అని అంటించే కాగితాలు బతికేది ఈ రెండు భయాల మీదే. లేని జబ్బుకి వేలకి వేలు గుంజుతారు, ఉన్న జబ్బుని ముదరనిస్తారు. ఆ గుమ్మం తొక్కకండి.

ఇక టీకాలు. ఈ అధ్యాయంలో మీ అమ్మానాన్నలకి చదివి వినిపించదగ్గ భాగం ఇదే, సిగ్గుపడాల్సిన మాట ఒక్కటీ ఉండదు. మొదటిది హెపటైటిస్ బి. ఇది కాలేయాన్ని తినేసే వైరస్, లైంగికంగానూ రక్తం ద్వారానూ సోకుతుంది. ఒకప్పుడు దీని టీకా విదేశాల నుంచి రావాలి, ధర చూసి మధ్యతరగతివాళ్లు కూడా వెనక్కి తగ్గేవాళ్లు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే ఆ టీకా తయారుచేసి ధరని కిందకి దించింది. స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేరే కంపెనీకి పెట్టుకున్నారు. ఆ తర్వాత ఈ టీకా ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది, కాబట్టి మీలో చాలామందికి పసితనంలోనే వేసి ఉంటారు. పాత టీకా కార్డు వెతికి చూడండి. వేయలేదని తేలితే ఇప్పుడైనా మూడు డోసులు వేయించుకోవచ్చు.

రెండోది హెచ్.పి.వి. టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దాదాపు ప్రతి కేసు వెనకా లైంగికంగా సోకే హెచ్.పి.వి. అనే వైరస్ ఉంటుంది. అందులో 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతానికి కారణం. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వస్తోంది, 75,000 మందికి పైగా చనిపోతున్నారు. మగవాళ్లనీ ఇది వదలదు, పులిపిర్లు తెస్తుంది, గొంతు క్యాన్సర్‌కీ దారితీయగలదు. వైరస్ తాకకముందే వేయించుకుంటే టీకా బాగా పనిచేస్తుంది, అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయసు అత్యుత్తమం. ఆ వయసులో రెండు డోసులు, 15 దాటితే మూడు అన్నది మన దగ్గర కొన్నేళ్లుగా ఉన్న పద్ధతి. ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్ 2023లో వచ్చింది.

మీ ఇంట్లో ఎవరైనా "ఆ టీకానా, ఖమ్మంలో ఏం జరిగిందో తెలుసా?" అంటారేమో. ఆ ప్రశ్నని కొట్టిపారేయకండి, అది న్యాయమైన ప్రశ్న. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ప్రయోగాత్మక పథకం కింద ఈ టీకా వేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారని తెలిసి 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపేసింది. ఆ మరణాలకి టీకా కారణమని కేంద్రం వేసిన విచారణ కమిటీకి తేలలేదు. కానీ గిరిజన పిల్లల హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నా అభిప్రాయం చెబుతాను: తప్పు జరిగింది ఆ పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని అడగకపోవడంలో. ఆ తప్పుని మరిచిపోకూడదు. ఆ టీకాని ఆ తర్వాత ప్రపంచమంతా కోట్లమందికి వేశారు, అది సురక్షితమని తేలింది. ఆ రెండు విషయాలూ కలిపి ఇంట్లో చెప్పండి. డాక్టరుని కూడా మీ అమ్మ ముందే అడగండి.

ఇప్పుడు మీరు ఎదురుచూస్తున్న చోటికి వచ్చాం. లైంగిక సంబంధం గురించి.

మీ వయసులో కోరిక పుట్టడం తప్పు కాదు. ఒంట్లో హార్మోన్లు చేసే పని అది. కోరిక పుట్టిన ప్రతిసారీ దాని వెంట వెళ్లాలని మాత్రం లేదు. లైంగిక వ్యాధుల నుంచి పూర్తి రక్షణ ఇచ్చేది ఇంకా మొదలుపెట్టకపోవడమే, ఇందులో వైద్యులెవరికీ భేదాభిప్రాయం లేదు. మన చట్టం కూడా తెలిసి ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం కింద 18 ఏళ్లు నిండనివాళ్లంతా బాలలే. ఇద్దరూ ఇష్టపడ్డామన్నా ఆ ఇష్టాన్ని చట్టం లెక్కలోకి తీసుకోదు. ఆ వయసువాళ్ల నగ్న ఫొటో తీసినా, పంపినా, ఫోన్లో దాచినా నేరం కిందకే రావచ్చు. "నా మీద నమ్మకం లేదా, ఒక్క ఫొటో పంపు" అని అడిగేవాడు నమ్మకాన్ని అడగడం లేదు, మిమ్మల్ని చేతిలో పెట్టుకునే ఆయుధాన్ని అడుగుతున్నాడు.

వద్దు అనడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. "నాకిష్టం లేదు" అనేది పూర్తి జవాబే, దాని తర్వాత కారణం చెప్పనక్కర్లేదు. అబ్బాయిలకి ఒక మాట. ఫోన్లో చూసే వీడియోల్లో ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరికీ జబ్బు రాదు, ఎవరూ కండోమ్ వాడరు. అది డబ్బు కోసం తీసిన నటన. దాన్ని పాఠంగా తీసుకున్నవాడు రేపు తన భార్యని కూడా బాధపెడతాడు. ఎదుటి మనిషి మౌనంగా ఉంటే అది సరే అన్నట్టు కాదు.

కండోమ్ గురించి ఇప్పుడే తెలుసుకోండి, అవసరం పెళ్లయ్యాకే రావచ్చు, అప్పుడు చెప్పేవాళ్లు ఉండరు. ప్రభుత్వం 1968 నుంచి నిరోధ్ పేరుతో పంచుతోంది. సరిగ్గా, ప్రతిసారీ వాడితే హెచ్.ఐ.వి., గనేరియా, క్లామిడియాల నుంచి చాలా గట్టి రక్షణ. హెర్పిస్, సిఫిలిస్, హెచ్.పి.వి. చర్మం తాకినా సోకుతాయి కాబట్టి కండోమ్ కప్పని చోటు నుంచి రావచ్చు, అక్కడ రక్షణ తక్కువ. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడాలి. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికీ ఒత్తిడికీ పాడవుతుంది. కొబ్బరి నూనె, వ్యాసలైన్ రాస్తే రబ్బరు నిమిషాల్లో బలహీనపడుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంటే బలం పెరగదు, రాపిడికి చిరుగుతుంది. గర్భనిరోధక మాత్రలు గర్భాన్ని ఆపుతాయి గానీ ఏ వ్యాధినీ ఆపవు. మాత్ర ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు చాలామంది, అందుకే విడిగా చెబుతున్నాను.

మీ ఇష్టం లేకుండా ఎవరైనా ముట్టుకున్నా, బలవంతం చేసినా, అది బంధువైనా, టీచరైనా, తప్పు మీది కాదు. ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఎందుకంటే ఇక్కడ గంటలు లెక్క. హెచ్.ఐ.వి. సోకకుండా ఆపే మందులున్నాయి, 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, మొదటి చికిత్స ఉచితంగా ఇవ్వాలి, ముందు పోలీసు కాగితం తెమ్మని పంపేయకూడదు. సాయం కోసం ఫోన్ చేయాల్సిన నంబర్లు: పిల్లలకి 1098, ఆడవాళ్లకి 181. జిల్లాల్లో బాధితులకి సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి, తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి.

అనుమానం వస్తే ఎక్కడికి వెళ్లాలి? మన జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఒక గది ఉంటుంది. లైంగిక వ్యాధులకే పెట్టింది. లక్షణాల్ని బట్టి రంగుల వారీగా ఉండే మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. హెచ్.ఐ.వి. పరీక్షకి ఐ.సి.టి.సి. అనే కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం ఉంటుంది, అక్కడ పరీక్షకి ముందూ తర్వాతా కౌన్సెలర్ కూర్చుని మాట్లాడతారు. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం 2014లో మొదలైన కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద విడిగా కౌమార ఆరోగ్య క్లినిక్‌లున్నాయి. ముందు ఫోన్లో అడగాలనుకుంటే 1097, డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు. వైరస్ సోకే ప్రమాదం ఎదురైన మర్నాడే హెచ్.ఐ.వి. పరీక్ష చేయిస్తే ఏమీ తేలదు, అప్పుడు వచ్చే నెగెటివ్‌ని నమ్మకండి. సాధారణ పరీక్షలో మూడు నెలల దాకా కనిపించకపోవచ్చు, ఎప్పుడెప్పుడు చేయించాలో కౌన్సెలర్ చెబుతారు.

రెండు నిజాలు దాచకుండా చెప్పాలి. 18 నిండనివాళ్లకి హెచ్.ఐ.వి. పరీక్ష చేయడానికి మన నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి కావాలి. అలాగే 18 నిండనివాళ్ల లైంగిక సంబంధం గురించి తెలిస్తే పోలీసులకి తెలియజేయాల్సిన బాధ్యత పోక్సో చట్టం డాక్టరు మీద పెట్టింది. కాబట్టి కూర్చోగానే "నేను చెప్పేది ఎంతవరకు మీ దగ్గరే ఉంటుంది?" అని అడిగే హక్కు మీకుంది. ఈ నిజాలు విని వైద్యం మానేయకండి. మీ వైపు నిలబడే పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. నాకు మేనమామ దొరికాడు. మీకు పిన్ని కావచ్చు, అక్క కావచ్చు, కాలేజీలో లెక్చరర్ మేడం కావచ్చు, ఊళ్లో ఆశా కార్యకర్త కావచ్చు. అమ్మానాన్నలతోనే చెప్పగలిగితే అంతకన్నా మంచిది లేదు, చాలామంది మనం ఊహించినంత కోప్పడరు.

మందు ఇచ్చాక రెండు జాగ్రత్తలు. తగ్గినట్టనిపించినా చివరి మాత్ర దాకా వాడాలి. రెండోది, వ్యాధి ఇద్దరి మధ్య తిరిగేది, రెండో మనిషికి కూడా వైద్యం జరగకపోతే ఒక్కరికి మందు వేయడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ఇక డాక్టరుకి చెప్పడం ఎలాగ? గదిలోకి వెళ్లగానే గొంతు పెగలదు, నాకు తెలుసు. తలనొప్పి అని చెప్పి, తలనొప్పి మాత్రతో తిరిగొచ్చేవాళ్లున్నారు. ముందురోజు రాత్రే ఒక చీటీ రాసుకోండి. ఏ భాగంలో ఏముంది, ఎన్ని రోజులైంది, నొప్పి ఉందా, దురద ఉందా, ఏ మందులు వాడారు, ఎవరితోనైనా శారీరక సంబంధం జరిగిందా లేదా. వాడిన ట్యూబు ఖాళీదైనా సరే జేబులో వేసుకెళ్లండి. నోరు రాకపోతే ఆ చీటీ డాక్టరు చేతిలో పెట్టి కుర్చీలో కూర్చోండి. మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.